కరువు ఏడాదికి ఏ పంపకం? తిరుపతి, చిత్తూరు వాళ్లు నీళ్ల పద్ధతిని ఎంచుకోవాలంటే

చెరువు నిండి మొరవ పోతున్న ఏడాది నీళ్ల పంపకం గురించి ఎవరూ మీటింగు పెట్టరు. ఆ ఏడాది ఏ పద్ధతైనా మంచిదే, పెద్దమనుషులంతా మంచివాళ్లే. తూము దగ్గర నీళ్లు మోకాలి లోతుకు దిగి, ఊళ్లో బోర్లు గాలి కక్కడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఏ పద్ధతిని చూసినా నేను మొదట అడిగేది ఒకటే: నీళ్లు సగానికి సగం పడిపోయిన ఏడాది ఇది ఎవరి కడుపు కొడుతుంది?

రెండో ప్రశ్న మన జిల్లాల వాళ్లు తప్పకుండా వేసుకోవాల్సింది. పాత చిత్తూరు జిల్లాకు సొంతమని చెప్పుకునే పెద్ద నది లేదు. స్వర్ణముఖి, కుశస్థలి, అరణియార్, నీవా, పాలారు, వీటిలో ఏదైనా సరే వానొస్తే నాలుగు రోజులు ఉరుకుతుంది, తర్వాత ఇసుకే. పెద్ద నీళ్లు కావాలంటే కృష్ణ నుంచి రావాలి. ఆ కృష్ణ కాలువల దగ్గర మనం చిట్టచివరి ఆయకట్టు. అదే పాలారు, కుశస్థలి దగ్గరికొస్తే మనం పైవాళ్లం, కిందున్నది తమిళనాడు. శ్రీశైలం వైపు తిరిగి “పైవాళ్లు మా నోట్లో మట్టి కొడుతున్నారు” అని అరిచి, నగరి వైపు తిరిగి “మా గడ్డ మీద పడిన వాన మాదే” అంటే ఎవరు ఒప్పుకుంటారు? తలలో ఉన్నప్పుడూ తోకలో ఉన్నప్పుడూ మనం ఒప్పుకోగలిగిన పద్ధతినే న్యాయమైనదిగా లెక్కవేస్తాను.

ముందు లెక్క చేతిలో పెట్టుకోండి

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో 2,832 కోట్లు. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో వాడే లెక్క. తిరుపతీ చుట్టుపక్కలా కలిపి ఐదు లక్షల మంది అనుకుంటే రోజుకు 6.75 కోట్ల లీటర్లు, ఏడాదికి దాదాపు 0.87 టీఎంసీ. యాత్రికులు, పైపుల్లో కారిపోయేది దీనికి అదనం. 1977లో కట్టిన కల్యాణి డ్యామ్ నిండితే నిలిచేది సుమారు 0.9 టీఎంసీ. అంటే డ్యామ్ నిండుగా ఉన్నా, ఆవిరైపోయేది తీసేస్తే పట్నానికి ఒక ఏడాది కూడా గట్టిగా రాదు. తిరుమల మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార ఉన్నా, కొండకూ కిందికీ కృష్ణ నుంచి వచ్చే తెలుగు గంగ కాలువ నీళ్ల అవసరం ఎందుకొచ్చిందో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

ఇప్పుడు వరి సంగతి. ఎకరా వరికి పంటకాలమంతా కలిపి నిలువునా 1.2 మీటర్ల నీళ్లు పెడితే 48 లక్షల లీటర్లు దాటుతుంది. నలుగురున్న ఇంటికి పట్నం లెక్కన ఏడాదికి రెండు లక్షల లీటర్ల లోపే. ఒక ఎకరా వరి ఒక్క పంటకు తాగేది పాతిక కుటుంబాలు ఏడాదంతా వాడుకునే నీళ్లన్నమాట. ఐదు లక్షల జనం ఉన్న ఊరంతా ఏడాదికి వాడేది సుమారు ఐదువేల ఎకరాల వరికి సరిపోతుంది. “పట్నం మా నీళ్లు తాగేస్తోంది” అని రైతు, “రైతు నీళ్లు పారబోస్తున్నాడు” అని పట్నం వాళ్లు కొట్లాడుకునే ముందు ఈ అంకెలు పక్కన పెట్టుకుంటే గొంతులు కొంచెం తగ్గుతాయి.

అంకె రాసుకునే పద్ధతి

“ఏడాదికి ఇన్ని టీఎంసీలు నీకు” అని కాగితం మీద రాసుకోవడం. దీనికి మన కళ్ల ముందున్న ఉదాహరణ తెలుగు గంగ. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుని మొత్తం 15 ఇవ్వాలన్నది 1976 నాటి ఒప్పందం. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు పని మొదలైంది. దారిలో ఆవిరికి, ఇంకుడుకు 3 తీసేసి సరిహద్దు దగ్గర 12 అందించాలి. జులై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి మొదటిసారి నీళ్లు చేరింది 1996లో.

కాగితం మీద చూస్తే ఇంతకన్నా శుభ్రమైన ఒప్పందం ఉండదు. ఎవరు ఎంత ఇస్తున్నారు, ఎక్కడ కొలుస్తారు, ఏ నెలల్లో ఇస్తారు, దారిలో ఎంత పోతుంది, అన్నీ ఉన్నాయి. అయినా చెన్నైకి పన్నెండూ పూర్తిగా అందిన ఏడాదులు అరుదు. కాలువ గట్టు మీద మోటార్లు పెట్టి తోడుకున్నవాళ్లు కొంత, గట్లు జారి ఇంకిపోయింది కొంత. కండలేరు నుంచి సరిహద్దు దాకా ఉన్న 152 కిలోమీటర్ల కాలువను ఈ శతాబ్దం మొదట్లో సత్యసాయి ట్రస్టు డబ్బుతో బాగు చేశాక కాలువ రోగం కొంత నయమైంది. ఒప్పందం రోగం మాత్రం అలాగే ఉంది. శ్రీశైలంలో నీళ్లే లేని ఏడాది 15లో ఎవరి 5 ఎంత తగ్గాలి? ఆ సంగతి అంకె చెప్పదు. అంకె ఇచ్చే ధైర్యం నిండు ఏడాదికే. లోటు ఏడాది అది ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకోవడానికి పనికొస్తుంది.

అలాగని అంకెను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. అవసరం చిన్నదై, ఏడాదంతా ఒకేలా ఉండి, పక్కన నిల్వ పెద్దదిగా ఉంటే అంకె పద్ధతే మేలు. పట్నం తాగునీరు సరిగ్గా అలాంటిదే. కండలేరు జలాశయం నిండితే 68 టీఎంసీలు పడుతుంది. అందులో తిరుపతికి కావాల్సింది ఒకటి, మహా అయితే రెండు. ఇంత చిన్న అంకెను గట్టిగా రాసుకోవచ్చు, నిలబెట్టుకోవచ్చు. లక్షల ఎకరాల సాగుకు అదే మాట ఇస్తే నిలవదు.

దామాషా: మనవాళ్లదే, మనమే మరిచిపోయినది

నా ఓటు ఎటో దాచుకోవడం ఎందుకు, ఇటే. చిత్తూరు జిల్లా చెరువుల కింద ఒకప్పుడు నడిచిన దామాషా పద్ధతిని ఇప్పటి కుర్రవాళ్లకు చెబితే నమ్మరు. నమ్మలేనంత ధైర్యమైన పద్ధతి మరి.

120 ఎకరాల ఆయకట్టున్న చెరువు ఒకటి అనుకుందాం. వానలు ఆగాక పెద్దలు, చెరువు నీళ్లు వదిలే నీరుగంటి కలిసి కట్ట మీద నిలబడి చూస్తారు. తూము రాయి మీద నీళ్లు ఏ గుర్తు దాకా ఉన్నాయో చూస్తే ఎన్ని ఎకరాలు పండుతాయో నీరుగంటికి తెలుసు. ఈ ఏడాది 48 ఎకరాలకే అన్నాడు. అంటే నూటికి నలభై. మామూలుగా అయితే ఏం జరుగుతుంది? తూము పక్కన పొలం ఉన్నవాడు నిండుగా పండించుకుంటాడు, చివరివాడు నారు పోసి ఎండబెట్టుకుంటాడు. దామాషాలో అలా కాదు. తూముకు దగ్గరగా ఉన్న 48 ఎకరాలనే ఆ ఏటి సాగుకు ఎంచుతారు. ఆ 48ని ఆయకట్టులో ఉన్న ప్రతివాడికీ వాడి సొంత భూమి లెక్కన పంచుతారు. చివర ఐదెకరాలున్న రైతుకు తూము కింద రెండెకరాలు దక్కుతుంది. తూము కిందే ఐదెకరాలున్నవాడు తన పొలంలోనే మూడెకరాలు ఆ ఒక్క పంటకు వేరేవాళ్లకు వదలాలి. తాడు పట్టి కొలిచి, చీట్లు వేసి ఎవరికి ఏ కయ్యో తేలుస్తారు. పంట కోశాక ఎవరి భూమి వాళ్లకే.

కష్టం అందరి మీదా ఒకే లెక్కన పడుతుంది కాబట్టి కట్ట మీద కత్తులు లేవవు. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. నీళ్లు చివరిదాకా పోనక్కర్లేదు కాబట్టి కాలువలో ఇంకిపోయేది మిగులుతుంది. 120 ఎకరాల్లో అక్కడక్కడ 48 తడపడానికి పట్టే నీళ్లు వేరు, తూము కింద ఒకే చోట 48 తడపడానికి పట్టే నీళ్లు వేరు.

మరి ఎందుకు పోయింది? బోరు వచ్చింది. బోరున్న రైతుకు చెరువు మీటింగుతో పని లేదు, పొలం వదలాల్సిన అవసరం అంతకన్నా లేదు. కానీ ఆయన బోరులో ఊరే నీళ్లు చెరువు పట్టిన నీళ్లే. చెరువు ఎండిన ఏడాది ఆయన బోరూ మూలుగుతుంది. అంటే ఆయన వాటా ఎప్పుడో తీసుకున్నాడు, లెక్కలో మాత్రం కనిపించడు. ఈ రోజు దామాషాను మళ్లీ తేవాలంటే ఆయకట్టులో ఉన్న బోర్లను పంపకంలోకి లాగాలి. బోరున్న ఎకరాలకు చెరువు నీటిలో వాటా ఇవ్వకుండా, బోరు లేనివాళ్లకు ముందు ఇవ్వడం ఒక దారి. బోరువాళ్లు ఆ పంటకు పక్కవాళ్లకు రెండు తడులు ఇచ్చేలా ఒప్పించడం ఇంకో దారి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరుకూ బోరుకూ దూరం చూడమంటుంది, రిజిస్టరు చేయించమంటుంది. ఊరి పంపకంలో బోరును లెక్కపెట్టే పని మాత్రం ఊరే చేసుకోవాలి.

కౌలు రైతుల సంగతి ఇంకా చిక్కు. తూము కింద పొలాన్ని కౌలుకు తీసుకున్నవాడు ఎక్కువ కౌలు కట్టి ఉంటాడు. ఆ ఏడాది ఐదెకరాల్లో మూడు వదలమంటే కౌలు కూడా అదే లెక్కన తగ్గాలి. ఈ ముక్క ముందే మాట్లాడుకోకపోతే దామాషా మొదటి ఏడాదే చెడుతుంది.

ఇదే సూత్రాన్ని పెద్ద నదికి పెట్టొచ్చా? కృష్ణలో ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నలుగుతున్నది సరిగ్గా అదే. కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్ని 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా అనుకున్నారు. వచ్చిన నీళ్లు తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గించుకోవడం దామాషాయే. నిష్పత్తి ఎంతన్నది తేలక గొడవ నడుస్తోంది. కాకపోతే నదిలో తూము దగ్గర పొలం ఇచ్చిపుచ్చుకునే వీలు లేదు. పోతిరెడ్డిపాడు నుంచి 44,000 క్యూసెక్కులు లాగాలంటే శ్రీశైలంలో 881 అడుగుల నీళ్లుండాలి. 854 అడుగులకు దిగితే వచ్చేది ఏడు వేల లోపే. వాటా కాగితం మీద ఎంత ఉన్నా మట్టం పడిపోయాక మన కాలువలోకి ఎక్కేది అంతే. పెద్ద నదిలో శాతం అడిగేటప్పుడు మట్టం కూడా అడగకపోతే సగమే గెలిచినట్టు.

ముందు ఎవరికి, తర్వాత ఎవరికి

తాగునీరు, పశువులు, నిలిచి ఉన్న తోటలు, ఆ తర్వాత ఏడాది పంటలు, చివర ఫ్యాక్టరీలు. వరుస రాసుకోవడం తేలిక, అందరూ తల ఊపుతారు. తాగునీటికి మొదటి చోటు జాతీయ జల విధానంలోనూ ఉంది. దీనితో వచ్చే చిక్కల్లా తాగునీటి తర్వాతి మెట్ల దగ్గరే.

మన దగ్గర మామిడి ఉంది. తోతాపురి చెట్టు ఒక ఎండాకాలం ఎండితే పోయేది ఆ ఏటి కాపు కాదు, పదేళ్ల కష్టం. వేరుశనగ పోతే ఆ కారుకే నష్టం. కాబట్టి చెట్టును బతికించడానికి తడి, కాపు కోసం తడి వేరువేరుగా రాసుకోవాలి. చెట్టు బతకడానికి కొద్ది నీళ్లతో మొదలు తడిపి ఆకులు కప్పినా నిలుస్తుంది, కాపు నిండుగా రావాలంటే లెక్క వేరు. ఈ తేడా రాయకపోతే తోటలున్న పెద్ద రైతు మూడో మెట్టులో కూర్చుని నీళ్లన్నీ తోడేస్తాడు, చిన్న రైతు వేరుశనగ నాలుగో మెట్టులో మాడుతుంది. పాడి కూడా ఇలాంటిదే. ఆవు తాగే నీళ్లు తక్కువ, ఆవు తినే పచ్చిగడ్డి తాగే నీళ్లు ఎక్కువ. గడ్డిని పశువుల లెక్కలో వేస్తారా, పంటల లెక్కలో వేస్తారా?

వరుస పద్ధతి ఒంటరిగా పనికిరాదు. దామాషాకు తలుపులా వాడుకోవాలి: మొదట తాగునీటిని పక్కన పెట్టాక మిగిలిందే పంపకానికి వస్తుంది.

వంతు

గంటల లెక్కన తిప్పుకోవడం. కాలువ కింద, ఊట కాలువల కింద, ఉమ్మడి బావుల దగ్గర ఇది అందరికీ తెలిసినదే. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు చేయగలిగిన పని కూడా ముఖ్యంగా ఇదే. సమంగా కనిపిస్తుంది, కానీ గంట సమానం అంటే నీళ్లు సమానం కాదు. తలలో గంటకు పొలం మునుగుతుంది, చివర అదే గంటలో కాలువ తడవడానికే ముప్పావు గంట పోతుంది. రెండు మాటలు ఒప్పందంలో ఉంటే వంతు నిలుస్తుంది. ఎండిన కాలువ తడవడానికి పట్టే సమయం ఎవరి వంతులోనూ కాకుండా ఉమ్మడి ఖాతాలో పోవాలి. వంతు చివరి పొలం నుంచి మొదలై పైకి రావాలి. చివరి నుంచి మొదలైతే కాలువ అంతా ముందే తడిసి ఉంటుంది, మధ్యలో మడవ తెగ్గొట్టిన చోటు కూడా వెంటనే దొరుకుతుంది. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా వారం వారం మారాలని విడిగా చెప్పక్కర్లేదు.

మిగులు జలాలు: పంపకంలా కనిపించేవి

హంద్రీ-నీవా 40 టీఎంసీలు, గాలేరు-నగరి 38. ఈ అంకెలు వినగానే అది మన వాటా అనుకుంటాం. ఇవి కృష్ణలో అందరి కేటాయింపులూ తీరాక వరదలో మిగిలిన నీళ్ల మీద కట్టుకున్న ప్రాజెక్టులు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో వీటి పేర్లు చేర్చి, పూర్తి చేయాలని రాశారు. కాబట్టి ప్రాజెక్టులకు గుర్తింపు ఉంది. నీళ్లకు మాత్రం వరదే దిక్కు. లోటు ఏడాది మొదట ఆగేది మిగులే.

ఈ రెండింటినీ పోల్చి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. హంద్రీ-నీవా 40 టీఎంసీలతో ఆరు లక్షల ఎకరాలకు పైగా తడపాలి, అంటే టీఎంసీకి 15 వేల ఎకరాలు. గాలేరు-నగరి 38తో 2.6 లక్షలు, టీఎంసీకి ఏడు వేల లోపు. హంద్రీ-నీవా లెక్కలో వరికి చోటే లేదు, ఆరుతడి పంటలూ డ్రిప్పూ అయితేనే ఆ అంకె కుదురుతుంది. పైగా ఎత్తిపోతల ఖర్చు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, కుప్పం రెండు వేల అడుగుల పైమాటే. ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచి, మెట్టు మెట్టుకూ మోటార్లు ఎక్కి 2025లో కుప్పానికి చేరిన నీళ్ల వెనక ఎంత కరెంటు బిల్లు ఉందో ఊహించుకోండి.

కాబట్టి కుప్పం, పుంగనూరు వైపు వాళ్లకు నా సలహా: ఈ నీళ్లను నమ్ముకుని కొత్త ఆయకట్టు వేయొద్దు. కాలువ కింద వరి అసలే వద్దు. కుప్పం బ్రాంచ్ కాలువ కింద 110 చెరువులు నింపాలన్న ఆలోచన ఉంది చూడండి, అది సరైన వాడకం. వచ్చిన ఏడాది చెరువులో పోస్తే భూమిలోకి దిగుతుంది, రాని ఏడాది బోర్లను ఆదుకుంటుంది. చెరువులు నింపే వరుసలో కూడా చివరి చెరువు నుంచి మొదలుపెట్టమని పట్టుబట్టండి. పైనున్న చెరువులకు ఎలాగూ అందుతుంది. అయితే కట్టలు, మొరవలు చూసుకోకుండా నింపితే ఏమవుతుందో 2021 నవంబరులో రాయలచెరువు కట్ట కారినప్పుడు కింది ఊళ్లన్నీ ఖాళీ చేసినవాళ్లకు తెలుసు.

మనం పైనున్నప్పుడు

పాలారు కర్ణాటకలో పుట్టి 93 కిలోమీటర్లు, మన కుప్పం వైపు 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడుస్తుంది. 1892లో మద్రాసు, మైసూరు రాసుకున్న ఒప్పందంలో పాలారు ఉంది: కింది రాజ్యం ఒప్పుకోకుండా పైన కొత్త కట్టలు కట్టకూడదని. తమాషా ఏమిటంటే, అప్పుడు కుప్పంతో సహా మన ప్రాంతమంతా మద్రాసు వైపే. అంటే ఒప్పందం మన కోసమే రాసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అదే కాగితాన్ని మన మీదికి తిప్పారు. 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016లో పుల్లూరు దగ్గర చెక్‌డ్యామ్ ఎత్తు పెంచితే మళ్లీ గొడవ.

ఇక్కడ మనకున్న రెండు దారులూ చూద్దాం. ఒకటి, పైవాళ్లం కాబట్టి ఆపుకుంటాం అనడం. చెక్‌డ్యాములు చిన్నవే, కుప్పం వాళ్ల దాహం నిజమే. కానీ ఈ వాదన గెలిస్తే బేతమంగళంలో కర్ణాటక ఆపుకున్నప్పుడు మనం నోరెత్తలేం. రెండోది దామాషాయే: ఆ ఏడాది పారిన దానిలో ఇంత శాతం పైన ఆగుతుంది, మిగతాది కిందికి వదలాలి, కొలత ముగ్గురూ కలిసి తీయాలి. పారేదే అరుదైన నదికి శాతం తప్ప వేరే కొలత పనిచేయదు. అంకె రాస్తే పదేళ్లలో తొమ్మిదేళ్లు అబద్ధమవుతుంది.

కుశస్థలి మీద నాకు వేరే ఆలోచన ఉంది. కృష్ణాపురం జలాశయం నిండి గేట్లెత్తితే నీళ్లు పళ్లిపట్టు మీదుగా పోయి పూండిలో చేరతాయి. కండలేరు నుంచి మనం పంపే కృష్ణ నీళ్లు చేరేదీ ఆ పూండిలోనే. 2022లో నగరి మండలంలో కుశస్థలి మీద రెండు జలాశయాలు తలపెడితే తమిళనాడు అభ్యంతరం చెప్పింది. రెండు నీళ్లనూ ఒకే ఖాతాలో ఎందుకు వేయకూడదు? కుశస్థలిలో మనం అదనంగా ఆపుకున్న ప్రతి చుక్కనూ కండలేరు నుంచి 12 టీఎంసీలకు పైన కలిపి ఇస్తే చెన్నైకి లోటు లేదు. నగరి వైపు ఊళ్లకు నీళ్లు నిలుస్తాయి. పళ్లిపట్టు, తిరుత్తణి దగ్గర నదిని నమ్ముకున్న రైతులకు మాత్రం ఈ బదిలీతో ఏమీ దక్కదు, వాళ్లకు విడిగా నీళ్లు వదలాలి. 12 సరిగ్గా ఇవ్వనివాళ్లు పైన ఇంకా ఏం ఇస్తారని తమిళనాడు అడిగితే దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. అది లేకుండా ఈ బేరం కుదరదు.

డబ్బుతో పంచే పద్ధతి మీద ఎక్కువ రాయను. పట్నంలో ట్యాంకర్ అంటే అదే. కొనగలిగినవాడి సంపుకు నీళ్లు, కొనలేనివాడి ఇంట్లో బిందెల వరస. ఆ ట్యాంకరు నీళ్లు ఏ ఊరి బోరువో ఎవరూ అడగరు. మీటరు వేరు, దానికి నేను వ్యతిరేకం కాదు. అపార్టుమెంట్లలో ఇంటింటికీ మీటరు పెట్టి, 135 లీటర్ల దాకా తక్కువ ధర, పైన గట్టి ధర వేస్తే వృథా తగ్గుతుంది. అది పంపకం కిందికి రాదు, పొదుపు కిందికి వస్తుంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పట్నం కాలనీ, కార్పొరేషన్ మాట అయితే వరుస మొదట, తర్వాత చిన్న అంకె. కల్యాణి, కండలేరు రెండింటి నిల్వనూ కలిపి చూసి, అది నాలుగు నెలల తాగునీటికి తగ్గేసరికి కోత మొదలవ్వాలి. డ్యామ్ అడుగంటాక రోజు మార్చి రోజు ఇస్తే అది పంపకం కాదు, గుడ్డి లెక్క.

చెరువు కింద ఊరైతే దామాషా, బోర్లతో కలిపి. ఊరు ఒప్పుకోకపోతే కనీసం లోటు ఏడాది సాగును సగానికి తగ్గించి తూము దగ్గరే చేసుకుని, చివరివాళ్లకు గింజల్లోనో డబ్బులోనో పరిహారం ఇవ్వడం. అసలు దామాషా అంత మంచిది కాదు గానీ ఎవరి పొలం వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి ఒప్పించడం తేలిక.

కాలువ చివరి ఊరైతే చెరువు నింపుకోవడం, ఊరి లోపల వంతు. మీ కాలువ తలలో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు అంకె అడగొద్దు, శాతం అడగండి. అంకె అడిగితే “నీళ్లు లేవు” అంటారు, అక్కడితో అయిపోతుంది. శాతం అడిగితే పైన ఎంత వాడుకున్నారో చెప్పక తప్పదు.

ఏది ఎంచుకున్నా తేదీ రాసుకోండి. మన జిల్లాల్లో ఒకటి కాదు, రెండు తేదీలు కావాలి. శ్రీశైలం నిండేది జులై నుంచి అక్టోబరు లోపు, నైరుతి వానలకు. మన చెరువులూ, కల్యాణీ నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు, తుపాన్లకు. కృష్ణ నీళ్ల మీద నమ్మకం పెట్టుకోవచ్చా లేదా అన్నది నవంబరు మొదటి వారంలో తేలాలి. చెరువు దామాషా ఎంతన్నది తుపాన్ల కాలం దాటాక, సంక్రాంతికి ముందు తేలాలి. ఆ రోజు కట్ట మీద తూము రాయి గుర్తును ఊరందరి ముందు చూసి, ఫోనులో ఫొటో తీసి, ఎకరాలెన్నో పంచాయతీ బోర్డు మీద రాయించండి. నారుమడికి విత్తనం తడిపేది ఆ తర్వాతే.